అమ్మకానికి కాని పిల్లి

మా అత్త కొట్లో ఆ తెల్లపిల్లికి ఉన్న పని ఒక్కటే, గుమ్మం మీద కూర్చుని మొహం కడుక్కోవడం. దాని వెనక బస్తాల గదిలో ఎలకలు గోనెలు కొరుకుతున్న చప్పుడు మాకందరికీ వినపడేది. అది మాత్రం వీధి వైపు చూస్తూ, కాలు నాక్కుంటూ, చెవి వెనక తుడుచుకుంటూ, పెళ్లికి బయల్దేరుతున్నట్టు తీరిగ్గా కూర్చునేది.

అరవైల చివర మాట. నేను శ్రీకాకుళం పిల్లని, పుట్టింటివారిది బట్టల కొట్టు. విజయనగరంలో మా నాన్న అక్క కొడుక్కే నన్నిచ్చారు కాబట్టి అత్తారిల్లు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు పిలిచినట్టే ఆవిణ్ణి అత్తా అనీ, మా ఆయన్ని బావా అనీ పిలిచేదాన్ని. మామయ్య పోయాక కిరాణా కొట్టు అత్త చేతికొచ్చింది. గల్లాపెట్టె దగ్గర ఆవిడ, కాటా దగ్గర బావ. నాకింకా చోటు తేలలేదు. ఆ పిల్లికీ తేలలేదు. అందుకేనేమో మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

నాకు వచ్చిన విద్య బేరం ఒక్కటే. మాటలు రాకముందే అది వచ్చిందని పుట్టింట్లో చెప్పుకునేవారు. దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్నా, పని సగమే అయితే సగం చెక్కే అని ముందుగా తేల్చుకునే రకాన్ని. గాజులమ్మే ఆవిడ వీధి మలుపులో నన్ను చూసిందంటే గంప దించకుండానే పక్క సందులోకి తిరిగిపోయేది. అయితే ఈ విద్య అత్త దగ్గర పారేది కాదు. నాకు నేర్పింది మా నాన్న, ఆయనకి నేర్పింది ఆవిడ.

పిల్లి ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ తెలియదు. బండిలోంచి బియ్యం బస్తాలు దించుతుంటే వాటి సందులో పిడికెడంత కూన కనిపించింది. ఉతికి ఆరేసిన మల్లుగుడ్డలా తెల్లగా, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. ఒక కన్ను పసుపు, ఒక కన్ను నీలం. కొట్టుకి పిల్లి అవసరమే కనక అత్త ఉండనిచ్చింది. అది పెరిగి పెద్దదయింది, పాలు తాగింది, పని మాత్రం మొదలుపెట్టలేదు.

"ఒసే గుంటా, బోణీ కాకముందు ఆ పిల్లి గుమ్మం మీద ఏటే? దాన్ని సూసి ఒకడు ఎనక్కి తిరిగి ఎల్లిపోనాడు" అని ఒక పొద్దున్న అత్త అరిచింది.

"ఆడు కొనేవోడు కాదులే అత్తా. రోజూ వచ్చి గుప్పెడు సెనగలు నోట్లో ఏసుకుని ఎల్లిపోతాడు."

"నీ నోటికి సమాధానం ఎప్పుడు తక్కువైంది గనక! దాని నోటికే ఎలక తక్కువ. ఎన్ని తిట్లు తిట్టినా తోక కూడా కదపదు. ఎంత పొగరో సూడు దానికి. ఈసారి నెల్లిమర్ల బండి ఎల్లినప్పుడు దాన్నీ ఓ గోనిలో ఎట్టి పంపీస్తాను."

నెల్లిమర్లలో జనపనార మిల్లు పక్కన అత్త మరిదికి గోనెసంచుల గిడ్డంగి ఉండేది. మిల్లుకి వచ్చే లారీలు, వాటి చుట్టూ వీధికుక్కలు. మా కొట్టు నుంచి అక్కడికి వెళ్లిన పిల్లుల సంగతి తర్వాత అడిగితే చినమామయ్య ఆకాశం వైపు చూసేవాడు. అత్త ఊరికే బెదిరించే మనిషి కాదు. పండక్కి ముందు బండి వెళ్తుంది, దానితో పిల్లీ వెళ్తుంది అని నాకు అర్థమైపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పొట్లాల కాగితాల్లో నాకో బొమ్మ దొరికింది. కొట్లో పొట్లాలకి పాత కాగితాలు తూకానికి కొనేవాళ్లం. అందులో కలకత్తా నుంచి వచ్చిన ఇంగ్లీషు పత్రిక ఒకటి ఉంది. ఒక పేజీలో పొడుగాటి బల్ల, బల్ల మీద వరసగా పిల్లులు, ఒక పిల్లి మెడలో రిబ్బను, కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఇంకో పిల్లి నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. జీలకర్ర కట్టబోయిన దాన్ని కట్టకుండా దాచేశాను.

బావకి చూపించాను.

"పిల్లుల సంత" అన్నాడు తేలిగ్గా.

"సంతైతే కట్టుతాళ్లు ఏవి? బేరగాళ్లు ఏరి? ఎవడి సేతిలోనూ సంచీ నేదు."

"అమ్మకపోతే బల్ల మీదెందుకు ఎట్టినారే?"

నా సందేహమూ అదే. సరుకు పరిచారంటే అమ్మకానికి. అమ్మకానికి కాకపోతే లోపల పెట్టి తాళం వేసుకోవాలి. శుభ్రంగా దువ్వి, ఊరంతా చూసేలా బల్లెక్కించి, పరాయివాడి చేత పళ్లు లెక్కపెట్టించి, సాయంత్రానికి తిరిగి ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఎలాంటి మనుషులు? వాళ్లకేం మిగులుతుంది? ఆ ప్రశ్న నన్ను అన్నం తిననివ్వలేదు. అన్నం తిన్నాననుకోండి, రుచి తెలియలేదు.

ఇంగ్లీషు చదివి చెప్పగలిగింది మాకు తెలిసినవాళ్లలో గార్డమ్మగారు ఒక్కరే. ఆవిడ బెంగాలీ మనిషి. భర్త రైల్వే గార్డు కావడంతో ఊళ్లో అందరికీ గార్డమ్మ అయిపోయింది. మా కొట్లోనే ఆవాలు కొనేది. కలకత్తా నుంచి బుట్టలో పెట్టి తెచ్చుకున్న బొచ్చుపిల్లి ఒకటి ఆవిడకి ఉండేది. కూరగాయల వాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆవిడది.

బొమ్మ చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇది షో! క్యాట్ షో. మా చిన్నప్పుడు కలకత్తాలో దొరసానులు పెట్టేవాళ్లు. నేను మా నాన్నతో వెళ్లి చూసింది."

"కొనేవోల్లెవరండీ?"

"ఎవరూ కొనరు."

"మరి ఎందుకు తెస్తారు?"

"చూపించడానికి."

"సూపిస్తే ఏటొస్తాది?"

ఆవిడ బొమ్మని మళ్లీ ఓసారి చూసింది. "చూస్తారు కదా!" అంది.

ఇదేం లెక్కో నాకు అంతుపట్టలేదు. కానీ గార్డమ్మ ఇంకో మాట చెప్పింది. ఏటా కోట దగ్గర మైదానంలో పెట్టే ఎగ్జిబిషన్లో ఎడ్లకీ ఆవులకీ కోళ్లకీ పోటీలుంటాయి. పోయినేడు కుక్కలకి కూడా పెట్టారు. ఈ ఏడు పిల్లులు తెస్తే వాటినీ చూస్తామని పశువుల ఆస్పత్రిలో ఆవిడకి చెప్పారట. విశాఖపట్నం నుంచి ఒక డాక్టరు వస్తాడట, బహుమతులు కూడా ఉన్నాయట.

బహుమతి అన్న మాట దగ్గర నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఎలకల్ని పట్టని పిల్లికి ఇంకో ఉద్యోగం దొరికితే? నేరుగా అత్త దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

"అత్తా, ఆ పిల్లి పోటీలో నెగ్గి బహుమతి తెస్తే నెల్లిమర్ల పంపకూడదు."

"ఏటి పోటీ? తొంగోడంలోనా?"

సంగతంతా చెప్పాను. అత్త నవ్వలేదు. గల్లాపెట్టె మూత మీద మోచెయ్యి ఆన్చింది. బేరం వినడానికి సిద్ధమైనప్పుడు ఆవిడ అలాగే కూర్చునేది.

"మొదటిదే తేవాల" అంది.

"ఏదైనా ఒకటి తెస్తే సాలు."

"ఏదైనా అంటే? వచ్చినోల్లకల్లా ఇచ్చీదీ ఓ బహుమతేనేటి?"

"మూడోది."

"ముగ్గురొస్తే మూడోది ఆకరుదే గదే! నాకు సెప్పకు. మొదటిది."

"పోనీ రెండోది. నీ మాటా కాదు, నా మాటా కాదు."

అత్త పిల్లి వైపు చూసింది. అది మా ఇద్దరికీ వీపు పెట్టి కూర్చుంది. "సరే. రెండోది. తేకపోతే బండెక్కాల, అప్పుడు మళ్లీ ఏడవకూడదు, బతిమాలకూడదు" అంది. నేను ఒప్పుకున్నాను. బేరం నెగ్గాననుకుని లోపలికొచ్చాను గానీ, పిల్లుల గురించి నాకేమీ తెలియదన్న సంగతి వంటింట్లోకొచ్చాక గుర్తొచ్చింది.

తెలియని సరుకు కొన్నప్పుడు మా నాన్న ఒక పని చేసేవాడు. ముందు దాన్ని పక్కన పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చునేవాడు. నేనూ అదే చేశాను. అంతవరకూ పిల్లంటే నాకు పిల్లి, అంతే. ఇప్పుడు చూస్తే దానికి కళ్ల పైన కూడా మీసాలున్నాయి. ముందరి పాదాలకి గోళ్లు ఒరలో కత్తుల్లా లోపలే ఉంటాయి, వేలు మెల్లగా నొక్కితే బయటికొస్తాయి. పాదాల అడుగు గులాబి రంగు. ముక్కు ఎప్పుడూ చల్లగా, కొంచెం తడిగా. నీలంకన్ను వెలుతురులో ఒక రకంగా, దీపం దగ్గర ఇంకో రకంగా మెరిసేది. ఇంట్లో ఇన్నాళ్లుగా తిరుగుతున్నదాన్ని నేను ఒక్కసారీ చూడలేదని తెలిసొచ్చింది. తర్వాత వీధిలో పిల్లులన్నిటినీ చూడ్డం మొదలుపెట్టాను. పాలవాళ్లింటి చారలపిల్లి తోక చివర చిన్న వంకర ఉందని ఆ ఇంటివాళ్లకి నేనే చెప్పాను. వాళ్లు నన్ను అదోలా చూశారు.

తయారు చెయ్యడం మాత్రం నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. కందిపప్పు నిగనిగలాడాలంటే ఏం చేస్తాం? అరచేతికి ఆముదం రాసుకుని పప్పుకి పట్టిస్తాం. అదే పని పిల్లికి చేశాను. నిగనిగ రాలేదు సరికదా, వెంట్రుకలన్నీ ముద్దలు కట్టి, వానలో తడిసిన కోడిపిల్లలా తయారయింది. పైగా ఒళ్లు నాక్కుని ఆముదం తాగేసింది. ఆ రోజు బస్తాల గది కడగడం నా వంతు.

"ఇది పప్పు కాదు!" అని గార్డమ్మ నెత్తి కొట్టుకుంది. "తవుడు ఉందా మీ దగ్గర?"

తవుడు లేకపోవడమేమిటి, బస్తాలున్నాయి. పెనం మీద గోరువెచ్చగా చేసి, ఒంటికంతా రుద్ది, మెత్తని బ్రష్షుతో దులపమంది. జిడ్డూ మురికీ తవుడు లాగేసుకుంటుందట. కలకత్తా దొరసానులు అలాగే చేసేవారట. రోజూ మధ్యాహ్నం కొట్టు కాస్త సద్దుమణిగాక పిల్లిని ఒళ్లో పెట్టుకుని తవుడు రుద్దేదాన్ని. మొదట్లో గీరింది. తర్వాత పెనం పొయ్యెక్కడం చూస్తే చాలు, తనే వచ్చి ఒళ్లో కూర్చునేది. రోజులు గడిచేకొద్దీ దాని ఒంటికి ఒక మెరుపొచ్చింది.

"ఆవుకి ఎయ్యాల్సిన తవుడు పిల్లికి రాస్తంది నా కోడలు" అని అత్త కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. ఆ మాటలో ఏ మూలో కాస్త గర్వం ఉందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు.

గార్డమ్మ ఇంకో పరీక్ష పెట్టింది. పోటీ రోజున కొత్త చోటు, గోల, పరాయి చేతులు. పిల్లి బెదరకూడదు. అందుకని ముందే అలవాటు చెయ్యాలి. ఆవిడ తన బొచ్చుపిల్లిని కూడా తెచ్చి మా వెనక వసారాలో బల్ల మీద పెట్టి, గిన్నె మీద గరిటెతో వాయించింది. బొచ్చుపిల్లి ఒక్క గెంతులో అటకెక్కింది. మాది ఆవలించింది.

"అబ్బా!" అంది గార్డమ్మ. "ఇది రాణీ. దీనికి భయం లేదు."

నేను లోలోపల రెండో బహుమతి వదిలేసి మొదటిదానికి వెళ్లిపోయాను.

ఎగ్జిబిషన్ రోజు బావ కాటాని పనివాళ్లకి వదిలి మాతో వచ్చాడు. అత్త రానంది. "నెగ్గితే నాకే సెప్తారు. ఓడిపోతే బండిని సిద్ధం సేసుకోవాల గదా" అంది. మేం మూతబుట్టతో రిక్షా ఎక్కాం. దుమ్ము పడకుండా పిల్లి మీద బావ తువ్వాలు కప్పాను.

మైదానంలో ఒక మూల పందిరి కింద పిల్లుల బల్ల పెట్టారు. పెట్టినవాడు పిల్లిని ఎన్నడూ చూడనివాడై ఉండాలి. పక్క పందిట్లో కుక్కలు. బల్లకి సరిగ్గా పైన గుంజకి లౌడుస్పీకరు. అందులో పాటలు, మధ్యలో తప్పిపోయిన పిల్లల పేర్లు. పోటీకొచ్చిన పిల్లులు ఎన్నో లేవు. గార్డమ్మ బొచ్చుపిల్లి, ఎవరో ప్లీడరు గారింటి చారలపిల్లి, ఒక బళ్లో టీచరమ్మ తెచ్చిన నల్లకూన, ఎర్రటిది ఒకటి, మాది.

మైకు గయ్యిమంది. అదే సమయానికి ఒక పెద్ద కుక్క మొరిగింది. ఎర్రపిల్లి తాడు తెంచుకుని పందిరి పైకెక్కి, ఇక దిగలేదు. బొచ్చుపిల్లి బుట్టలోకి దూరి, మూత తీయబోయిన గార్డమ్మ చేతిని రక్కింది. చారలది టేబులుగుడ్డ కింద దాక్కుంది. నల్లకూన టీచరమ్మ కొంగులో వణుకుతోంది. మాది బల్ల మధ్య కూర్చుని చెవి వెనక తుడుచుకుంది.

జనం మూగారు.

"ఓరినాయనో, ఇది పిల్లి కాదురా, పులి."

"పులైతే ఈపాటికి కుక్కల్ని సూసి దూకును. ఇది కలెక్టరు."

"ఎవలింటిదమ్మా? ఏటి తినిపిస్తన్నారు?"

నేను గర్వంగా తవుడు అనబోయి ఊరుకున్నాను. మర్నాడు ఊరంతా తవుడు కొనడానికి వస్తే అత్త నన్ను మెచ్చుకుంటుందేమో అని ఒక్క క్షణం ఆలోచన రాకపోలేదు.

డాక్టరు వచ్చాడు. కళ్లజోడు, నెమ్మదైన మనిషి. ఒక్కొక్క పిల్లి దగ్గరా ఆగి చూశాడు. చారలదాన్ని టేబులుగుడ్డ కింద నుంచి తీసి, "బాగుంది, చక్కగా పెంచారు" అన్నాడు. నల్లకూనని చూసి, "బాగుంది, కళ్లు బాగున్నాయి" అన్నాడు. మా దగ్గరకొచ్చాడు. పళ్లు చూశాడు, చెవులు చూశాడు. తువ్వాలు తొలగించి ఒళ్లు నిమిరి చూశాడు. మళ్లీ కప్పాడు. మైకు వైపు చూశాడు, కుక్కల వైపు చూశాడు, పిల్లి వైపు చూశాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి దాని తల వెనక గలగలలాడించాడు. పిల్లి కదలలేదు. ఇంకోసారి ఆడించాడు.

"ఒక కోర పన్ను విరిగింది" అన్నాడు. "చెవి అంచు చిరిగి మానింది. వెనక కాలు కాస్త వంకర. అన్నిటికీ మించి దీనికి వినపడదు."

నేను బావ మోచేతిని పొడిచాను. "బావా, ఇతనికి మన పిల్లి కావాల."

"నీకెలా తెలుసు?"

"తప్పులు ఎంచుతున్నాడు గదా!"

మా లెక్క అది. కొట్లోకి వచ్చి "బాగుంది, బాగుంది" అన్నవాడు ఖాళీ చేతులతో వెళ్తాడు. కొనేవాడు పప్పు చేతిలోకి తీసుకుని, ఊది, కొరికి, పుచ్చులున్నాయంటాడు, పాత సరుకంటాడు, రంగు తక్కువంటాడు. తప్పులు ఎంత గట్టిగా చెప్తే అంత కావాలన్నమాట. ఈయన మిగతా పిల్లులన్నీ బాగున్నాయన్నాడు. మాదానికి ఇన్ని తప్పులు చెప్పాడు, పైగా చెవిటిదన్నాడు. పిల్లిని పట్టుకుని చెవిటిది అనేదాకా వెళ్లాడంటే ఎంత మోజుపడ్డాడో!

"అమ్మేస్తావేటే?" అన్నాడు బావ, భయంగా.

"అమ్మను. ఒక ధర సెప్పించు సాలు. పట్నం డాక్టరు ఇంత ఇస్తానన్నాడని అత్తకి సెప్పుకుంటాను. బహుమతి రాపోయినా అదే బహుమతి."

ఇందులో తప్పు నాదే, బావది కాదు. ఆయన చేసింది ఆయనకి తెలిసిన పని. మా వైపు పశువుల సంతలో గానీ, బెల్లం దిమ్మల దగ్గర గానీ పెద్ద బేరం నోటితో సాగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. డాక్టరు మళ్లీ పిల్లి పొట్ట చూడ్డానికి తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఇటు నుంచి బావ కూడా చెయ్యి పోనిచ్చాడు.

డాక్టరు మొహం మారిపోయింది.

"ఏమిటండీ ఇది? నా వేళ్లెందుకు పట్టుకున్నారు?"

"మీరే ముందు నొక్కండి బాబూ. పెద్దోరు. మీ మాట ఇన్నాకే మాది" అన్నాడు బావ, ఎంతో మర్యాదగా, గొంతు తగ్గించి.

సంతలు తెలిసిన జనం కనక ముందు అర్థమైంది చుట్టూ ఉన్నవాళ్లకే. "ఓలమ్మో, పిల్లిని బేరం ఎట్టీసినారు!" అని ఒకావిడ అనేసరికి పందిరంతా గొల్లుమంది. గార్డమ్మ రక్కిన చెయ్యి పట్టుకునే నవ్వింది. డాక్టరుకి ఎవరో విడమరిచి చెప్పారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, నవ్వుకి కళ్లు తడిసినట్టున్నాయి. ఎక్కడైనా ఒక గొయ్యి దొరికితే పిల్లితో సహా దిగిపోదామనిపించింది నాకు.

"అమ్మా, నేను కొనడానికి రాలేదు" అన్నాడు ఆయన. "నిజంగానే దీనికి వినపడదు. చూడండి." పిల్లి తల వెనక గట్టిగా చప్పట్లు కొట్టాడు. అది మొహం తుడుచుకుంటూనే ఉంది. "తెల్లపిల్లుల్లో, అందులోనూ నీలంకన్ను ఉన్నవాటిలో, పుట్టు చెవుడు మామూలే. ధైర్యం ఎక్కువని కాదు. ఇక్కడేమీ గోల జరగడం లేదనుకుంటోంది."

సిగ్గు ఎక్కడికి పోయిందో పోయింది. నేను వంగి దాని చెవి దగ్గర చిటిక వేశాను. అరిచాను. బావ పేరు చిరునామాతో సహా అరిచాను. అది నా వైపు తిరిగింది, నా ఊపిరి తగిలినందుకు. అప్పుడర్థమైంది నాకు, గిన్నె మీద గరిటె సంగతి, పెనం పొయ్యెక్కడం కంటితో చూసి రావడం, వెనక బస్తాల్లో ఎలకల చప్పుడవుతున్నా వీధి వైపు చూస్తూ కూర్చోవడం. ఇంత చూశాననుకున్నాను, మీసాలు లెక్కపెట్టాను, ఇది చూడలేదు.

మొదటిది చారలపిల్లికి, రెండోది నల్లకూనకి ఇచ్చారు. లోపం ఉన్నదాన్ని మెచ్చుకోవచ్చు గానీ బహుమతికి నిలబెట్టకూడదని డాక్టరు చెప్పాడు. మూడోది లేదన్నారు. ఉన్నా నా ఒప్పందానికి పనికొచ్చేది కాదు.

గార్డమ్మకి కూడా ఏమీ రాలేదు. ఆవిడకి ఏ చింతా లేదు. ప్లీడరు గారి భార్యని పట్టుకుని చారలదానికి ఏం పెడతారో, నల్లకూన తల్లి ఎలా ఉంటుందో టీచరమ్మనీ అడిగి తెలుసుకుంటోంది. పందిరి మీది ఎర్రపిల్లి దిగాక దాన్నీ చూసి గానీ కదలనంది. చూపించడానికి వచ్చినామె చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం ఖాళీగా ఇంటికెళ్లేవాళ్లకి ఏం మిగులుతుందో నాకు లీలగా తెలిసినట్టే అనిపించింది. దాని గురించి ఇంకా ఆలోచించేదాన్నే, కానీ నా ఒళ్లో బుట్ట ఉంది.

రిక్షాలో బావ అడిగాడు. "అమ్మకి ఏటి సెప్తావు?"

"రెండోది ఇవ్వబోయారు గానీ మనమే వద్దన్నామని సెప్తే?"

"నా మొహం సూస్తే నిజం తెలిసిపోతాది."

అది నిజం. ఆయన మొహం ఎప్పుడూ గాజుసీసా. సరే, ఇంకో రకంగా సర్దిచెప్దామని దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. మొదటి మాట పనిచెయ్యకపోతే రెండోది, అదీ కాకపోతే కళ్లనీళ్లు. ఇల్లు చేరేసరికి నెల్లిమర్ల బండి వీధిలో ఉంది. గోనెల కట్టలు ఎక్కిస్తున్నారు. పొద్దుగూకేలోగా బయల్దేరాలట. పండక్కి ముందంటే అప్పుడేనని నాకు తెలియదు.

"రెండోదొచ్చిందా?" అంది అత్త గల్లాపెట్టె దగ్గర నుంచే.

"నేదు."

"మరింకేం. తెండి."

"అత్తా, నా మాట ఒకటి ఇను. బహుమతి రాలేదు గానీ ఊరంతా మెచ్చుకుంది. డాక్టరు అందరికంటే మనదాన్నే ఎక్కువసేపు సూసినాడు..."

"ఎందుకు ఇవ్వలేదు మరి?"

పేర్చుకున్నవన్నీ జారిపోయాయి. "దానికి ఇనపడదంట అత్తా. పుట్టిందగ్గిర్నుంచీ సెవుడంట" అన్నాను.

అత్త నమ్మలేదు. ఎవరి మాటా ఊరికే నమ్మే అలవాటు ఆవిడకి లేదు. పిల్లిని బుట్టలోంచి తీసి బస్తా మీద కూర్చోబెట్టింది. దాని వెనక్కి వెళ్లి నూనెడబ్బా రేకుమూత ఎత్తి నేల మీద పడేసింది. బండి దగ్గర ఎద్దులు ఉలిక్కిపడ్డాయి. పిల్లి కాలు నాక్కుంటోంది. అత్త వంగి మూత తీసింది. ఈసారి దాని చెవి పక్కనే నిలబడి, రోజూ తిట్టే తిట్లన్నీ మొదటి నుంచీ వరసగా తిట్టింది. బండివాడు చేస్తున్న పని ఆపి విన్నాడు. పిల్లి పాదం మార్చి రెండో కాలు మొదలుపెట్టింది.

"అయితే ఇన్నాల్లూ నేను తిట్టినవి?"

"ఒక్కటీ ఇనలేదు అత్తా."

"ఒక్కటీనా?"

"ఒక్కటీ."

ఆవిడ మొహంలో ఎవరో మంచి సరుకు ఊరికే పట్టుకుపోయినంత బాధ కనిపించింది. బస్తా పక్కన కూర్చుంది. "పొగరు అనుకున్నాను" అంది. పిల్లి చెవి వంచి చూసి, "ఎలక సప్పుడు ఇనపడకపోతే ఎలా పడతాది?" అంది. వీధిలో బండి వైపు చూసి, "మరి లారీ సప్పుడో?" అంది.

నా దగ్గర సిద్ధంగా ఉన్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. చీర చేతిలోకి తీసుకుని అంచు చూసుకుంటున్న మనిషి దగ్గర మాట్లాడకూడదని బట్టల కొట్లో పెరిగినదానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

బండివాడు లోపలికి తొంగిచూశాడు. "అమ్మా, పిల్లి కూడా ఉన్నాదన్నారు?"

"నేదు. గోనెలే. బేగి ఎల్లు" అంది అత్త.

వాడు వెళ్లాక నా వైపు తిరిగింది. "సంబరపడకు. రెండోది తెస్తానన్నావు, తేనేదు. ఊరికే ఎలా ఉంచుతాను? బోణీ అయ్యేదాకా అది గుమ్మం మీద కూకోకూడదు. ఎలకల పిల్లి ఇంకోటి నువ్వే తేవాల."

"సరే."

"నేను అరిస్తే పరిగెత్తుకు రావాల, కొట్లోకి. మద్యాన్నం గల్లా దగ్గర కూకోవాల."

"సరే అత్తా."

ఆవిడ అనుమానంగా చూసింది. నేను ఏ బేరం లేకుండా ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఎక్కడో మోసపోయానని ఆవిడకి అనిపించినట్టుంది.

ఎలకల పిల్లి కోసం ఆ వారమే వీధులన్నీ తిరిగాను. ఎవరింట్లో కూనలున్నాయని తెలిసినా వెళ్లి, తోక చూసి, పాదాలు చూసి, ఎంచి, చివరికి బూడిదరంగుది ఒకటి తెచ్చాను. తెస్తూనే అత్త దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. పళ్లు చూసింది, చెవుల్లోకి చూసింది, గోళ్లు నొక్కి చూసింది. ఇవన్నీ ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. తర్వాత దాన్ని బస్తా మీద పెట్టి, వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టింది. కూన గిరుక్కున తిరిగింది.

"ఇనపడతాది" అంది అత్త. "కాలు సూడు, తిన్నగా ఉన్నాది. ఏటే గుంటా, వచ్చే ఏడు ఆ ఎగ్జిబిషన్ ఎప్పుడన్నారు?"